ఫొటో పాడైందా? కెమెరాని తిట్టేముందు ఒకసారి ఇన్ఫో బటన్ నొక్కండి

మూడేళ్ళ కిందట కనుమ రోజు కోనసీమలో జగ్గన్నతోట ప్రభల తీర్థానికి కొత్త మిర్రర్‌లెస్ కెమెరా మెళ్ళో వేసుకుని వెళ్ళా. పదకొండు రుద్రుల ప్రభలు (దేవుణ్ణి పెట్టి మోసుకొచ్చే ఎత్తైన వెదురు కట్టడాలు), రంగు బట్టలు, గంటల మోత, జనం, దుమ్ము. గంగలకుర్రు అగ్రహారం ప్రభ కౌశిక కాలవ దాటే టైమ్‌కి గట్టు మీద మంచి చోటు కూడా దొరికింది, కుర్రాళ్ళు ప్రభని భుజాల మీద పెట్టుకుని కేకలేస్తూ నీళ్ళలోకి దిగుతుంటే నేను ఆగకుండా నొక్కుతూనే ఉన్నా. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే మొహాలన్నీ తడిచేత్తో చెరిపినట్టున్నాయి. గట్టు, వెనకాల కొబ్బరిచెట్లు మాత్రం శుభ్రంగా వచ్చాయి!

లక్ష పైనే పెట్టి కొన్న కెమెరా, కోపం రాదా మరి. మర్నాడే అమలాపురంలో నాకు తెలిసిన స్టూడియో బాబాయ్ దగ్గరికి పట్టుకెళ్ళి "దీని ఫోకస్ పోయింది, వారంటీలో ఎలా పెట్టాలి" అనడిగా. ఆయన ఏం మాట్లాడకుండా ఫొటో తెరిచి ఇన్ఫో బటన్ రెండుసార్లు నొక్కి స్క్రీన్ నా వైపు తిప్పాడు. 1/40, ఎఫ్ 11, ఐఎస్ఓ 100. అంటే షట్టర్ ఎంతసేపు తెరుచుకుంది, వెలుతురు దూరే రంధ్రం (ఎపర్చర్) ఎంత, ఆ వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించింది, వరసగా అవీ. "ఏరా, ఆళ్ళు ప్రభ మోసుకుని పరిగెడతంటే నువ్వు నలభయ్యో వంతు సెకను పెట్టుకుని నిలబడ్డావు. ఇందులో కంపెనీవోడు ఏం బాగుచేస్తాడ్రా?"

అంతకు ముందురోజు సాయంత్రం గోదారి గట్టు మీద ట్రైపాడ్ వేసి సూర్యాస్తమయం తీసిన సెట్టింగులు అవి. ఎపర్చర్ మనం పెడితే షట్టర్ కెమెరా చూసుకునే ఎపర్చర్ మోడ్‌లో ఎఫ్ 11, ఐఎస్ఓ 100 అలాగే వదిలేశా, తోపు నీడలో వెలుతురు తగ్గేసరికి కెమెరా షట్టర్ తగ్గించుకుంటూ పోయింది. అంటే నేను చెప్పిందే అది చేసింది, చెప్పానన్న సంగతే నాకు గుర్తులేదు. ఆడలేక మద్దెల ఓడంటారే, అదన్నమాట. అప్పట్నించి నేర్చుకున్నది వరసగా రాస్తున్నా. కెనాన్, నికాన్, సోనీ, ఫుజీ ఏదైనా పర్లేదు, పేర్లు కొంచెం మారతాయి అంతే.

మొదట: ఇంట్లో కూర్చుని ఒక గంట

సెకండ్ హ్యాండ్ కెమెరా అయినా, ఏడాదిగా అదీ ఇదీ మార్చేసిన కెమెరా అయినా ముందు మెనూలోకి వెళ్ళి రీసెట్ కొట్టేయండి. ఎవడో యూట్యూబ్‌లో చెప్పాడని మార్చినవన్నీ పోతాయి, పోనివ్వండి. తర్వాత కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, పాత ఫొటోలు కాపీ చేసుకున్నాక సుమా. క్వాలిటీ దగ్గర రా ప్లస్ జేపెగ్ పెట్టండి, రా అంటే సెన్సర్ పట్టింది దాదాపు అలాగే ఉంచే ఫైల్. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 8 బిట్ల సమాచారమే ఉంటుంది, రా ఫైల్‌లో చాలా కెమెరాలు 14 బిట్లు ఉంచుతాయి, తర్వాత వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనపడేలా రంగులు సర్దడం) మార్చుకోవాలన్నా నీడల్లో వివరం లాగాలన్నా ఆ తేడా అప్పుడు తెలుస్తుంది.

హిస్టోగ్రామ్ ఆన్ చేయండి, ఫొటోలో చీకటి ఎంత వెలుగు ఎంత ఉందో చూపించే గ్రాఫ్ అది. తెల్లగా పేలిపోయిన చోట మెరిసే హైలైట్ వార్నింగ్ కూడా.

ఇంకోటి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. వ్యూఫైండర్ పక్కన చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. దాన్ని తిప్పుతూ లోపల కనిపించే అంకెలు పదునుగా కనపడే వరకు సరిచేసుకోండి. మీ కళ్ళజోడు నంబరు మారితే అదీ మారాలి. మా మావయ్య ఆర్నెల్లు వ్యూఫైండర్ మసకగా ఉందని తిట్టుకుంటూ తిరిగాడు, ఫొటోలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చేవి, సంచిలో రాసుకుని ఆ చక్రం తిరిగిపోయింది అంతే.

మాన్యువల్ పీడీఎఫ్ ఫోన్‌లో పెట్టుకోండి. కథలా చదవక్కర్లేదు, నిద్రొస్తుంది. కెమెరా ఒళ్ళో పెట్టుకుని రోజుకి నాలుగు పేజీలు, చదివిన ప్రతి బటన్ అక్కడికక్కడే నొక్కి చూడటం. నెలలో అయిపోతుంది.

అసలు పని: పాడైన ఫొటోని విచారించడం

మంచి ఫొటోల నుంచి పెద్దగా ఏం నేర్చుకోం అండి, చెడ్డవాటి నుంచే. కాబట్టి పాడైనవి వెంటనే డిలీట్ చేయకండి. ఒక్కోటి వంద శాతం జూమ్ చేసి చూసి, షట్టర్ ఎంత, ఎపర్చర్ ఎంత, ఐఎస్ఓ ఎంత, ఫోకస్ చుక్క ఎక్కడ పడింది, ఈ నాలుగూ ఒక నోట్‌బుక్‌లో రాయండి. పది ఫొటోలు రాసేసరికి మీ తప్పు ఏంటో మీకే దొరికిపోతుంది, ఎందుకంటే మనందరం ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ చేస్తాం.

"బ్లర్ వచ్చింది" అంటారు అందరూ. కానీ బ్లర్ ఒకటి కాదు, దేని మందు దానిదే.

ఫ్రేమ్ మొత్తం, గుడి మెట్లతో సహా, ఒకే దిక్కుకి సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. పాత లెక్క ఏంటంటే 200 ఎంఎం లెన్స్ అయితే కనీసం 1/200 ఉండాలి, ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న) సెన్సర్ అయితే 1.5 తో హెచ్చవేసి 1/300. ఇప్పటి కెమెరాల్లో పిక్సెళ్ళు ఎక్కువ కాబట్టి జూమ్ చేసి చూస్తే ఆ లెక్క కూడా బొటాబొటిగానే ఉంటుంది. స్టెబిలైజర్ సాయం చేస్తుంది, కాదనను.

గుడి మెట్లు పదునుగా ఉండి మనిషి మాత్రమే సాగితే మనిషి కదిలాడు. దీనికి స్టెబిలైజర్ ఏమీ చేయలేదు, అది మీ చేతి వణుకునే ఆపుతుంది గాని ప్రభ మోసేవాళ్ళని ఆపదు కదా. నా కనుమ ఫొటోలు ఈ రకం.

మనిషి కదల్లేదు, చెయ్యి కదల్లేదు, అయినా మొహం మెత్తగా ఉంది, ముందున్న కొబ్బరాకో వెనకున్న గోడో చురుగ్గా ఉంది. ఇది ఫోకస్ తప్పిన రకం, నిజంగా ఫోకస్ అంటే ఇదొక్కటే.

నాలుగోది మన డెల్టాలో ఎక్కువ. మిట్టమధ్యాహ్నం పెద్ద టెలీ లెన్స్‌తో రొయ్యల చెరువు అవతల గట్టు మీద కూర్చున్న పక్షిని తీస్తే ఏ సెట్టింగ్ పెట్టినా మెత్తగానే వస్తుంది, నీళ్ళలోంచి చూసినట్టు అంచులు అలలు అలలుగా ఉంటాయి. అది లెన్స్ కాదు, ఎండకి గట్టు వేడెక్కి పైన గాలి వణుకుతోంది. వేసవిలో తార్రోడ్డు మీద దూరంగా నీళ్ళున్నట్టు కనపడుతుంది చూడండి, దానికి చుట్టమే ఇదీ. లెన్స్ మార్చినా లాభం లేదు. దగ్గరికి వెళ్ళాలి, లేదా తెల్లారగట్లే లేచి వెళ్ళాలి. మా ఫ్రెండొకడు ఇది తెలీక మంచి 400 ఎంఎం లెన్స్ సగం ధరకి అమ్మేశాడు, కొన్నవాడు పొద్దున్నే ఆరింటికి వెళ్ళి దాంతోనే అద్భుతంగా తీస్తున్నాడు.

షట్టర్ చేతికి అలవాటు చేసుకోవడం

సీలింగ్ ఫ్యాన్ కింద పడుకోండి. నిజంగానే. షట్టర్ స్పీడ్ మనం ఎంచుకునే ఎస్ మోడ్ పెట్టండి, కెనాన్‌లో టీవీ అని ఉంటుంది, ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. 1/15 నుంచి మొదలెట్టి రెట్టింపు చేసుకుంటూ 1/2000 దాకా ఒక్కో స్పీడ్‌లో ఒక్కో ఫొటో తీయండి. రెక్కలు పొగలా ఉన్న చోటు నుంచి రెక్క మీద దుమ్ము కనిపించే చోటు దాకా ఎక్కడెక్కడ మారిందో కంటితో చూస్తారు. పుస్తకంలో చదివిన పది పేజీల కంటే ఇది నయం.

నాకు పనికొచ్చిన అంకెలు ఇవి, శాసనం కాదు. కూర్చుని కబుర్లాడే మనిషికి 1/125, నడిచేవాళ్ళకి 1/250, పరిగెత్తే పిల్లలకి, ప్రభలకి 1/640 పైన, కొల్లేరు ఆటపాకలో గాల్లో తేలే గూడబాతులకి 1/1250 సరిపోతుంది ఎందుకంటే అవి పెద్ద పక్షులు, నెమ్మదిగా రెక్కలాడిస్తాయి, అదే నీళ్ళలోకి దూకే లకుముకి పిట్టకి 1/2500 కూడా చాలకపోవచ్చు.

సఖినేటిపల్లి నుంచి నరసాపురం గోదారి దాటే పంటు మీద వెళ్ళేటప్పుడు ఒక తమాషా ఉంది. రెయిలింగ్‌కి మోచేతులు ఆనించి తీస్తే కదలకుండా వస్తుందనుకుంటాం, ఇంజిన్ అదురు మొత్తం ఇనుములోంచి మోచేతుల్లోకి వచ్చేస్తుంది. ఆనకుండా కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడి 1/500 పెట్టి తీయండి, మోకాళ్ళే ఆ అదురుని మింగేస్తాయి.

ఐఎస్ఓ అంటే భయం

ఐఎస్ఓ 100 దాటితే ఫొటో పాడైపోతుందని నేనూ నమ్మేవాణ్ణి. గింజలు, అదే నాయిస్, ముఖ్యంగా వచ్చేది సెన్సర్ మీద వెలుతురు తక్కువ పడటం వల్ల. ఐఎస్ఓ తక్కువ పెట్టి చీకటిగా తీసి తర్వాత సాఫ్ట్‌వేర్‌లో పైకి లాగితే గింజలు తగ్గవు, కొన్ని కెమెరాల్లో ఇంకా ఎక్కువే కనపడతాయి. గింజలున్న ఫొటో చూడొచ్చు, ప్రింట్ వేస్తే సగం కనపడవు కూడా. సాగిపోయిన మొహాన్ని ఏ సాఫ్ట్‌వేర్ సరిగ్గా తెచ్చివ్వదు.

ఆటో ఐఎస్ఓ ఆన్ చేసి, అందులోనే మినిమమ్ షట్టర్ స్పీడ్ అని ఉంటుంది, దాన్ని 1/250 కి కట్టేయండి, ప్రభల పరుగుకైతే 1/640 కి. గరిష్ఠ ఐఎస్ఓ 6400. ఈ ఒక్క లైను నాకు ముందే తెలిసుంటే ఆ కనుమ ఫొటోలు దక్కేవి. ఎపర్చర్ మోడ్‌లో ఉన్నా సరే, కెమెరా ముందు ఐఎస్ఓ పెంచుతుంది, అది గరిష్ఠానికి చేరాకే షట్టర్ తగ్గిస్తుంది.

ఎం మోడ్‌లో, అంటే అన్నీ చేత్తో పెట్టుకునే మాన్యువల్‌లో తీస్తేనే ప్రొఫెషనల్ అనే పిచ్చి ఒకటుంది మన గ్రూపుల్లో. స్టూడియోలో ఫ్లాష్‌లు పెట్టుకుని తీసేవాడికి ఎం కావాలి. మబ్బు వస్తూ పోతూ ఉండే వరిచేల మధ్య నిమిషానికోసారి చక్రం తిప్పుతూ కూర్చుంటే కొంగ ఎగిరిపోతుంది. నేను ఎక్కువగా ఎపర్చర్ మోడ్, పక్షులకైతే ఎం మోడ్‌లో షట్టర్, ఎపర్చర్ పెట్టి ఐఎస్ఓ ఆటో. సిగ్గేం లేదు.

తెల్ల పంచె, నల్ల గొడుగు

ఇక్కడ కొంచెం ఆగి చదవండి, కెమెరా మీద వచ్చే తిట్లలో సగం ఇక్కడివే. "తెల్లచీర బూడిదరంగులో వచ్చింది, కొంగ పేలిపోయింది, నల్లావిడ ఫొటో తెల్లబారింది" ఇవన్నీ ఒకే జబ్బు.

ఒక పని చేయండి. ఉతికిన తెల్ల పంచె దండెం మీద ఆరేయండి, నీడలో. ఎపర్చర్ మోడ్‌లో ఫ్రేమ్ మొత్తం పంచె నిండేలా ఒక ఫొటో తీయండి. అదే చోట నల్ల గొడుగు తెరిచి పెట్టి, అది నిండేలా ఇంకోటి. ఇప్పుడు రెండూ పక్కపక్కన చూడండి. పంచె మాసిన బూడిద, గొడుగు వెలిసిన బూడిద, రెండూ దాదాపు ఒకేలా! మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది.

ఎందుకంటే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి అది పంచె అని గాని గొడుగని గాని తెలీదు. ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యరకం బూడిదకి తీసుకురావడమే దాని ఉద్యోగం. ఇప్పటి కెమెరాలు మొహాల్ని గుర్తుపట్టి కొంత సర్దుకుంటాయి కానీ మూల స్వభావం అదే. మనం చెప్పాలి: ఇది తెలుపు, పైకి లేపు. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ చక్రం, ప్లస్ మైనస్ గుర్తున్నది, దాన్ని పంచెకి ప్లస్ 1.3 దగ్గర, గొడుక్కి మైనస్ 1.3 దగ్గర పెట్టి మళ్ళీ తీయండి. పంచె పంచెలా, గొడుగు గొడుగులా వస్తాయి.

ఇప్పుడు చేలోకి వెళ్దాం. ఫ్రేమ్ నిండా తెల్లకొంగ ఉంటే ప్లస్. కానీ ఊడ్చిన పచ్చటి చేను మధ్య దూరంగా చిన్న కొంగ ఉంటే? మీటర్ పచ్చదనాన్నే చూసి దాని ప్రకారం వెలుతురు పెట్టేస్తుంది, ఎండలో ఉన్న కొంగ పేలిపోయి ఈక ఒక్కటి కనపడదు. అక్కడ మైనస్ 0.7 నుంచి 1 దాకా. అదే కొంగ, ఒకచోట ప్లస్, ఇంకోచోట మైనస్, అందుకే బట్టీ పట్టడం కుదరదు, హైలైట్ వార్నింగ్ మెరుస్తోందా లేదా చూసుకుంటూ తిప్పడమే. పొద్దున్నే గోదారి లంకల మీద పొగమంచు తీస్తుంటే ప్లస్ వేయండి, లేకపోతే మంచు కాస్తా పొయ్యి పొగలా వస్తుంది. కొబ్బరితోట లోపల చీకటి అందం కావాలంటే మైనస్.

మధ్యాహ్నం ఎండలో అంతర్వేది దగ్గర మీటర్ మీద అనుమానమొస్తే పాత ఫిల్మ్ కాలం సూత్రం పనికొస్తుంది: మబ్బులేని ఎండకి ఎఫ్ 16, షట్టర్ ఐఎస్ఓ ఎంతో అంత. ఐఎస్ఓ 200 అయితే ఎఫ్ 16 దగ్గర 1/200, ఎఫ్ 8 కి వస్తే 1/800. దీనికి దగ్గర్లో ఉంటే కెమెరా బానే ఉంది, ఇంటికి పట్టుకెళ్ళక్కర్లేదు.

ఫోకస్ ఎవరు ఎంచుకుంటున్నారు?

కొన్న కొత్తలో ఫోకస్ ఏరియా వైడ్‌లో ఉంటుంది, అంటే ఎక్కడ ఫోకస్ చేయాలో కెమెరానే నిర్ణయించుకుంటుంది, చాలాసార్లు దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. తోటలో పక్షిని తీస్తే ముందున్న ఆకు మీద పడేది అందుకే. ఒకే చిన్న చుక్క పెట్టుకుని జాయ్‌స్టిక్‌తో జరపడం ముందు నేర్చుకోండి, విసుగ్గా ఉంటుంది, వారం రోజుల్లో బొటనవేలికి వచ్చేస్తుంది. కంటిని పట్టే ఆటోఫోకస్ అద్భుతమే, కానీ మనిషి మోడ్‌లో ఉంచి పక్షిని పట్టలేదని తిట్టకండి, మెనూలో సబ్జెక్ట్ ఏంటో మార్చాలి.

కదలని వాటికి సింగిల్, కదిలేవాటికి కంటిన్యువస్. సింగిల్‌లో బీప్ అన్నాక మనిషి రెండడుగులు ముందుకొస్తే ఫోకస్ పాత చోటే ఉంటుంది.

ఫోకస్‌ని షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనక ఏఎఫ్ ఆన్ బటన్‌కి ఇచ్చేయమని బాబాయ్ చెప్పాడు. మొదటి మూడు రోజులు నరకం, బటన్ నొక్కడం మర్చిపోయి అన్నీ మసకే. తర్వాత వెనక్కి వెళ్ళాలనిపించలేదు: కంటిన్యువస్‌లోనే ఉంచి, నొక్కి పట్టుకుంటే వెంటాడుతుంది, వదిలేస్తే అక్కడే ఆగుతుంది. కానీ కెమెరా ఇంట్లోవాళ్ళ చేతికిచ్చి "మాకు ఒక ఫొటో తియ్యి" అంటే మాత్రం మసకే వస్తుంది, అప్పుడు వాళ్ళని తిట్టకండి.

ఎఫ్ 1.8 లెన్స్ కొన్నవాళ్ళందరూ పెళ్ళికొడుకు కన్ను పదును, పక్కనే కాస్త వెనక కూర్చున్న పెళ్ళికూతురు మసక, ఇలాంటి ఫొటో ఒకటి తీసే ఉంటారు. ఇద్దరుంటే ఎఫ్ 4, రెండు వరసల చుట్టాలుంటే ఎఫ్ 5.6 నుంచి 8. అలాగని ఎఫ్ 22 దాకా వెళ్ళకండి, చిన్న రంధ్రంలోంచి వెలుతురు చెదిరి మొత్తం ఫొటో మెత్తబడుతుంది.

పెళ్ళి మండపంలో చారలు

ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డంగా నల్లచారలు వస్తే సెన్సర్ పోయిందని కంగారు పడతారు. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చాలా లైట్లు సెకనుకి 100 సార్లు వెలుగు తగ్గీ పెరుగుతూ ఉంటాయి, కంటికి తెలీదు. సైలెంట్ షట్టర్ సెన్సర్‌ని పైనుంచి కిందకి వరసలుగా చదువుతుంది కాబట్టి ఒక వరస వెలుగులో, ఇంకో వరస చీకటిలో పడుతుంది. మెకానికల్ షట్టర్‌కి మార్చండి, 1/100 గాని 1/50 గాని పెట్టండి, యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయండి. డెకరేషన్ వాళ్ళ రంగు లైట్లు కొన్ని వేరే వేగంతో కొట్టుకుంటాయి, వాటితో కాస్త సతాయింపు తప్పదు, రెండు మూడు స్పీడ్‌లు మార్చి చూడ్డమే.

మన గాలితో జాగ్రత్త

ఏసీ కారులోంచి దిగి కెమెరా తీయగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. తుడవకండి, లెన్స్ విప్పకండి, సంచి మూసే ఉంచి అరగంట ముందే డిక్కీలో పెట్టండి, వేడికి అలవాటు పడుతుంది. తోలు సంచిలో నెలల తరబడి పెడితే మన తేమకి లెన్స్ లోపల బూజు పడుతుంది, గాలి దూరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, అంతే. సముద్రం దగ్గర లెన్స్ మార్చొద్దు, ఇంటికొచ్చి కొంచెం తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో బాడీ తుడవండి, ఉప్పు పోవాలి.

చక్రం మీద మీ పేరు

ఇదంతా వంటబట్టాక చక్రం మీదున్న సీ1, సీ2 లాంటి కస్టమ్ మోడ్‌లు నింపండి. అంతకుముందు నింపితే వేరేవాడి వంట తిన్నట్టుంటుంది. నా సీ1 జనానికి: ఎపర్చర్ మోడ్, ఎఫ్ 4, ఆటో ఐఎస్ఓ, కనీసం 1/640, కంటిన్యువస్, మనిషి కన్ను. సీ2 పక్షులకి, 1/1600. ట్రైపాడ్ మీద ధవళేశ్వరం బ్యారేజీ, పాత హావలాక్ బ్రిడ్జి లాంటివి తీసేటప్పుడు సీ3, అందులో ఐఎస్ఓ 100, ఎఫ్ 8, రెండు సెకన్ల టైమర్. ముందురోజు సాయంత్రం ఏం తీసినా సరే, పొద్దున్నే చక్రం సీ1 కి తిప్పితే చాలు, పాత సెట్టింగుల దెయ్యం వెంటరాదు.

ప్రాక్టీస్‌కి నెలరోజులు ఒకే లెన్స్, ఒకే చోటు. నాది మా ఊరి కాలవ రేవు. రోజూ పావుగంట, ఒక రోజు షట్టర్ మాత్రమే, ఒక రోజు ప్లస్ మైనస్ మాత్రమే. బట్టలుతికే పిన్నిగారు "రోజూ ఈ కాలవలో ఏం దొరుకుతుందయ్యా నీకు" అనడిగేవారు. నీళ్ళు చిందే ఫొటో 1/1000 లో ఒకటి, 1/15 లో ఒకటి చూపిస్తే "ఈ పొగలాంటిదే బాగుందండి, ఆయ్" అన్నారు. నేను పదును కోసం నెల తిప్పలు పడితే ఆవిడకి నచ్చింది సాగిపోయిన ఫొటో. అది కూడా నోట్‌బుక్‌లో రాసుకున్నా.

మొన్న కనుమకి మళ్ళీ వెళ్ళా, అదే గట్టు, అదే చోటు, చక్రం సీ1. ఇంటికొచ్చి చూస్తే పదిలో ఏడు పదునుగా ఉన్నాయి, నీటి బొట్లు కూడా లెక్కపెట్టొచ్చు. మిగతా మూడింటికి ఇన్ఫో నొక్కా: 1/640 సరిగానే ఉంది, ఫోకస్ చుక్క మాత్రం ముందు నిలబడ్డ పెద్దాయన కండువా మీద పడింది.